వర్జ్యం, రాహుకాలం, షమాల్ గాలి

మా పై పోర్షన్‌లో ఉండే అన్నది కడప. సౌదీలోని అల్ ఖోబర్‌లో ఏసీలు బాగుచేసే కంపెనీలో టెక్నీషియన్. ఆయన ఇఖామా అనే నివాస కార్డులో రాసిన వృత్తికి ఫ్యామిలీ వీసా రాదు. అందుకని పెళ్లయిన నాలుగేళ్లకు వదిన విజిట్ వీసా మీద వచ్చింది. ఆ వీసాతో ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి దేశం దాటి మళ్లీ రావాలి. ఖోబర్ వాళ్లకు దేశం దాటడమంటే సముద్రం మీది బహ్రెయిన్ వంతెన ఎక్కడం. పొద్దున వెళ్లి, ముద్రలు వేయించుకుని, మధ్యాహ్నం భోజనానికి వచ్చేయవచ్చు. గడువు దాటితే మాత్రం జరిమానా, ఆపైన మళ్లీ వీసా వస్తుందో రాదో చెప్పగలిగేవాడు లేడు. అంటే వదిన కడపకి, అన్న మళ్లీ ఒంటరి వంటకి.

గడువు సోమవారంతో ముగుస్తుంది. ఇంత తేలికైన పనిని కష్టం చేయాలంటే ప్రతిభ కావాలి. అన్నకు అది పుష్కలంగా ఉంది. శుక్రవారం సెలవే, కానీ శుక్రవారం ఇంటి ఇల్లాలిని గడప దాటించకూడదు. శనివారమూ సెలవే, కానీ శనివారం తూర్పు ప్రయాణానికి వారశూల దోషం, బహ్రెయిన్ ఏమో తూర్పున ఉండి చచ్చింది. ఆదివారం అమావాస్య. సోమవారానికి కూడా తూర్పే శూల కదా అని వదిన గుర్తుచేస్తే, "గడువు దినానికి శూల ఉండదులే" అని శాస్త్రాన్ని అక్కడికక్కడే సవరించాడు.

నేను రేవు దగ్గర ఒక నిర్మాణంలో లిఫ్టింగ్ ఇంజనీరుని. ఎంత గాలిలో క్రేన్ బరువు ఎత్తవచ్చో, ఎప్పుడు ఆపేయాలో చెప్పడం నా ఉద్యోగం. కాబట్టి గాలి పటాలు చూడటం అలవాటు. పైగా నాకు కారు ఉంది, అన్నకు లేదు. రెండో అర్హత వల్ల ఈ యాత్రకు డ్రైవరునయ్యాను. మొదటి అర్హత ఎవరికీ అవసరం పడలేదు.

ఆ వారం పటం మీద ఒక అల్పపీడనం మధ్యధరా వైపు నుంచి ఇరాక్ మీదుగా మా మీదికి దిగుతోంది. ఇక్కడి చలికాలపు తుఫాను ఒక వరుస ప్రకారం నడుస్తుంది. ముందు ఆగ్నేయం నుంచి వెచ్చని తడిగాలి వస్తుంది. చలి పోయిందనుకుని జనం స్వెట్టర్లు విప్పేస్తారు. తర్వాత బరువైన చల్లగాలి గోడలా వచ్చి, ఆ వెచ్చగాలి కిందికి దూరి దాన్ని పైకి ఎత్తేస్తుంది. ఉరుములు, వాన, ఒక్కోసారి వడగళ్లు. ఆ తర్వాత ఆకాశం కడిగినట్టు నీలంగా విచ్చుకుంటుంది. అసలు తుఫాను అప్పుడు మొదలవుతుంది. వెనక ఎడారి మీద అధిక పీడనం పేరుకుంటుంది, ముందు వెళ్లిన అల్పపీడనం ఇంకా దూరం పోయి ఉండదు. ఈ రెండింటి మధ్య తేడా ఎంత నిటారుగా ఉంటే గాలి అంత జోరుగా వీస్తుంది. వాయవ్యం నుంచి సముద్రం పొడవునా దూసుకొచ్చే ఆ గాలి పేరే షమాల్. పీడనం పెరిగితే మంచి వాతావరణం వచ్చినట్టని బడిలో చదివించారు. ఆ పాఠం రాసినవాళ్లెవరూ షమాల్ రోజున క్రేన్ పక్కన నిలబడి ఉండరు.

మాది మచిలీపట్నం వైపు. వాన తగ్గితే గండం గడిచినట్టే అనుకునే జనం మధ్య పెరిగాను. ఆ తెలివి ఇక్కడ పనికిరాదని ఒకే ఒక్క చలికాలంలో తెలిసింది.

అందుకే, ఇద్దరం సెలవు పెట్టుకున్న సోమవారం తెల్లవారుతూనే బయల్దేరి, వాన వచ్చేలోపు తిరిగి వచ్చేద్దామన్నాను. ఆదివారం సాయంత్రం వదిన పెట్టిన ఉగ్గాణి తింటూ ఫోన్‌లో పటం చూపించి, వాన వెలిశాకే గాలి ఎక్కువని చెప్పాను. అన్న దాన్ని మర్యాదగా చూసి, వంటింటి మేకుకున్న క్యాలెండర్ తీసుకొచ్చాడు. అది కడపలో ఎవరో బట్టల కొట్టువాళ్లు పంచినది.

"ఏడున్నర నుంచి తొమ్మిది రాహుకాలం. పది నుంచి పదకొండున్నర వర్జ్యం. నువ్వు చెప్పినట్ల ఆరింటికి బయల్దేరితే రాహుకాలంలో ఆఫీసరు ముందర నిలబడాల. వాడు అప్పుడు అడ్డం తిరిగితే ఏం జేచ్చావు? మధ్యాన్నం పోదాం."

"అన్నా, అది కడప టైము. వర్జ్యం నక్షత్రాన్ని బట్టి ఉంటుంది. అక్కడ పదైతే ఇక్కడ ఏడున్నర. రాహుకాలం ఏ ఊరి సూర్యోదయానికి ఆ ఊరిది. లెక్క సరిగ్గా వేస్తే ఇక్కడ రెండూ దాదాపు ఒకేసారి వచ్చి, ఒకేసారి పోతాయి."

"నువ్వు క్రేన్లు చూసుకో అబ్బీ. రాహువుకు సౌదీ టైం ఎవురు జెప్పినారు?"

"గాలి ఎక్కువ అంటాండాడు గదా. పొద్దున్నే పోతే ఏం?" అంది వదిన.

"వాన ఎలిసినాంక గాలి యాడుంటాది? ఎండ కాచ్చాంటాది. నిమ్మలంగా పోవచ్చు."

పంచాంగం నమ్మని నేను పంచాంగాన్ని సరిదిద్దుతూ కూర్చున్నాను. నమ్మే ఆయన తప్పు లెక్కనే పట్టుకు వేలాడాడు.

సోమవారం వాన పటంలో చెప్పినట్టే, అన్న లెక్క వర్జ్యం నడుమ వచ్చింది. వడగళ్లు కారు మీద పప్పులు వేయించినట్టు మోగాయి. మా వీధి చివరి అండర్‌పాస్ చెరువైంది. ఎదురింటి సౌదీ కుటుంబం కాఫీ ఫ్లాస్కు, చాప వెనక సీట్లో పెట్టుకుని వాన చూడటానికి ఎడారి వైపు బయల్దేరింది. ఇక్కడ వానకు లోపలికి పరిగెత్తరు, బయటికి పరిగెత్తుతారు. మధ్యాహ్నానికి మబ్బు తెర తీసినట్టు పోయింది. అన్న మెట్ల మీది నుంచే అరిచాడు.

"చూసినావా? ఎండ."

వదిన పులిహోర డబ్బాతో వెనక కూర్చుంది. వంతెన ఎక్కేదాకా ఆ ఎండ బాగానే ఉంది. ఎక్కిన వెంటనే ఎడమ వైపు నుంచి ఎవరో భుజంతో నెట్టినట్టు కారు పక్కకు జరిగింది. స్టీరింగ్‌ని గాలికి ఎదురుగా వంచి పట్టుకుంటే తప్ప తిన్నగా పోవడం లేదు. కింద సముద్రం మట్టి రంగులో ఉంది. అమావాస్యను తప్పించామని అన్న ధీమా. సముద్రం మాత్రం తప్పించలేదు. అమావాస్య పోటు మర్నాడు కూడా ఉంటుంది. అలలు రాళ్లకు కొట్టుకుని ఎగిరిన ఉప్పునీరు అద్దం మీద పడి, తుడిచేకొద్దీ పాలలా అలుక్కుపోయింది. వెనక్కి చూస్తే ఖోబర్ మీద ఇసుక గోధుమరంగు దుప్పటిలా లేచి ఉంది. పైన ఆకాశం నీలం.

"వాన ఎలిసింది గదా" అన్నాను.

అన్న సీటు బెల్టును చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

సముద్రం మధ్య దీవి మీద ఉండే చెక్‌పోస్టు ఇంకా కనిపించకముందే కార్లు ఆగిపోయాయి. ఇంత గాలిలో ఇంతమంది ఎందుకొచ్చారా అనుకున్నాను. పక్క వరుసలో ఒక కారు అద్దం కొంచెం దిగింది. వదినకు తెలిసిన నెల్లూరావిడ.

"మీరూ ఇప్పుడే బయల్దేరారా?"

"వర్జ్యం పోయినాంక" అంది వదిన.

"మేమూ అంతే. మా వెనకాల గుంటూరు వాళ్లు, వాళ్ల వెనకాల మా తోడికోడలు వాళ్లు. పొద్దున వంతెన ఖాళీగా ఉందంట."

తెలుగు క్యాలెండర్లన్నీ ఒకే గంటను శుభమని చెప్తే, ఆ గంటలో వంతెన పరిస్థితి ఏమవుతుందో ఏ పంచాంగంలోనూ రాయరు.

గాలి ఇంకా పెరిగితే వంతెన ఆపేస్తారన్న మాట కారు నుంచి కారుకు పాకింది. ఎవరన్నారో తెలియదు. అన్న మొదటిసారి నా ఫోన్ వైపు చూశాడు.

"అబ్బీ, ఎప్పుడు తగ్గుతాది?"

"రేపు మధ్యాహ్నానికి తగ్గచ్చు."

రేపంటే గడువు పోయాక. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని రుద్దుకున్నాడు. "ఆపేస్తే?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర పటం లేదు. వెనక సీట్లో వదిన పాస్‌పోర్టు తీసి, మూసి, మళ్లీ సంచిలో పెట్టింది. పులిహోర డబ్బా ఎవరూ తెరవలేదు. నేను కూడా ఇక వెటకారం చేయలేదు. చేయడానికి బోలెడంత సరుకు ఉండింది.

వంతెన ఆపలేదు. వరుస ఒక్కో కారు పొడవే జరుగుతూ, పొద్దుగూకేటప్పటి మగ్రిబ్ అజాన్ వేళకు మేము చెక్‌పోస్టు గాజు కిటికీ ముందుకు వచ్చాం. ముద్ర పడిన చప్పుడుకు అన్న ఊపిరి వదలడం వినిపించింది. బహ్రెయిన్ వైపు మరో కిటికీ, మరో ముద్ర, వెంటనే యూటర్న్. తిరుగు దారిలో సౌదీ వైపు కిటికీలోని ఆఫీసరు మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. వదిన వేలిముద్రలు తీసుకుని, మా ఉప్పు పట్టిన అద్దం చూసి నవ్వాడు.

"హవా బహుత్ హై" అన్నాడు, మనవాళ్ల దగ్గర నేర్చిన హిందీలో.

"అవును సార్" అంది వదిన, తెలుగులోనే. ఆయన ముద్ర వేసి ఇచ్చాడు. ఇంకో మూడు నెలలు.

ఇంటికొచ్చి చల్లారిన పులిహోర తిన్నాం. వదిన క్యాలెండర్ తీసి, మూడు నెలల ముందుకు పేజీలు తిప్పి, నన్నడిగింది.

"అప్పుడు గాలి ఎట్లుంటాది?"

"అంత దూరం ఎవరూ చెప్పలేరు వదినా. వారం పది రోజులు దాటితే నమ్మకం లేదు."

"అంతేనా?" అన్నాడు అన్న, పోయిన ప్రాణం తిరిగొచ్చినవాడిలా. "పంచాంగమే నయం. ఏడాదికి సరిపడా ముందే చెప్తాది."

వదిన కొత్త గడువుకు నాలుగు రోజుల ముందున్న తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. అన్న వంగి చూశాడు.

"అది శుక్రవారమే. ఆడమనిషి గడప దాటగూడదు."

"నువ్వు దాటొద్దులే" అంది వదిన, క్యాలెండర్ మేకుకు తగిలిస్తూ. "నేనూ అబ్బీ పోయొస్తాం. పొద్దున్నే."