పథ్యం లేదని నేను చెప్పిన అబద్ధం

మా రెండో బిడ్డ పుట్టిన నెలకు, ఒక ఉదయం నా భార్య రత్నమ్మ వాకిట్లోంచి వంటింట్లోకి వస్తూ దారిలో రెండుసార్లు కూర్చుంది. జువ్వలదిన్నెలో మా అత్తగారి ఇల్లు అంత పెద్దదేమీ కాదు.

కళ్లు పచ్చబడ్డాయని అత్తగారు తేల్చారు. "కామెర్లు నాయనా. చేప, ఆకుకూర, నూనె ముట్టిందంటే పిల్ల మనకు దక్కదు. నీ బీయస్సీ నీ దగ్గరే పెట్టుకో."

నేను హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. బీయస్సీ నా దగ్గరే పెట్టుకున్నాను. కంట్లో పసరు పోయించాము. మూడు నెలలు మజ్జిగన్నమే. పక్కనే చేపల పులుసు ఉడుకుతుంటే, "ఒక్క ముక్క పెట్టండి" అని ఆమె అడిగింది. "పైనుంచి పర్మిషన్ రాలేదు" అని నవ్వించాను. నాలుక పుండై ఉండగా నవ్వడం ఎంత కష్టమో నేను అడగలేదు.

చిగుళ్లలోంచి రక్తం వచ్చాక నెల్లూరు తీసుకువెళ్లాము. డాక్టరు రక్తం స్లైడు చూసి నన్ను వరండాలోకి పిలిచారు. "అన్ని కణాలూ తగ్గిపోయినాయి. బ్లడ్ క్యాన్సరేమో. మద్రాసు పోండి."

మద్రాసులో రొమ్ము ఎముకలోకి సూది దించి బోన్ మారో, అంటే మూలుగ, తీశారు. రత్నమ్మ అరవలేదు. అరవడానికి ఓపిక కావాలి.

పెద్ద డాక్టరు తెలుగువారే. "ఏం తింటోంది? పథ్యాలేమైనా పెట్టారా?"

"లేదు సార్. చదువుకున్నవాళ్లం. అన్నీ తింటుంది."

ఆయన రాసుకున్నారు.

నాలుగోరోజు పిలిచారు. "మారోలో కణాలు ఎదగకుండా ఉబ్బి ఉన్నాయి. మెగాలోబ్లాస్ట్స్. తిండిలోపమైతే మాత్రలతో పోతుంది. ల్యుకేమియాలో, అంటే బ్లడ్ క్యాన్సర్లో, ఒక రకం కూడా దాదాపు ఇలాగే కనబడుతుంది. మంచి తిండే తింటోందన్నారు గనక..." ఫైలు మూశారు. "పిల్లల్ని చూసుకునేవాళ్లు ఉన్నారా?"

వార్డులో ఆమె జ్వరంతో కాలిపోతోంది. మాకు తోడు వచ్చిన బావమరిది ఏడుస్తూ, "ఇంటికి తీసకపోదాం బావా. ఈడ ప్రాణం పోతే ఊరికి ఎట్టా చేరుస్తాం?" అన్నాడు. ఆమె బట్టలు మూట కట్టడం మొదలుపెట్టాడు.

నేను డాక్టరు గదికి తిరిగి వెళ్లాను.

"సార్, అబద్ధం చెప్పాను. మూడు నెలలుగా మజ్జిగన్నమే. పసరు కూడా పోయించాను."

"మీరేం చేస్తుంటారు?"

"సైన్సు చెబుతాను సార్."

ఆయన ముందు రాసుకున్నది కొట్టేసి, మళ్లీ రాసుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బి-ట్వెల్వ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. బావమరిది రక్తమిచ్చాడు. అయిదు రోజులు ఏ మార్పూ లేదు. ఆ అయిదు రోజులూ నేను ఒక్క జోకూ వేయలేదు. వార్డులో ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆరోరోజు పొద్దున రెటిక్యులోసైట్స్ పెరిగాయన్నారు. అంటే కొత్త ఎర్రకణాలు పుడుతున్నాయట; క్యాన్సర్ కాదు, తిండిలోపమే, కళ్లు పచ్చబడిందీ అందువల్లేనట. మధ్యాహ్నం ఆమె కళ్లు తెరిచి, "చంటిదానికి పాలెవరిస్తున్నారు?" అంది.

నాలుగేళ్లయింది. రత్నమ్మ ఇప్పుడు నాతో పోట్లాడేటంత ఆరోగ్యంగా ఉంది. ఆ ఆరోగ్యం దాదాపు రోజూ కనబడుతూనే ఉంటుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా రక్తం తగ్గిపోతే, ఏం తినిపించారో డాక్టరుకు చెప్పండి. ఏం మాన్పించారో, ఎవరు మాన్పించారో కూడా చెప్పండి. ఆ చివరిది చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అన్ని రోజులు ఆగగల రోగి అందరి ఇళ్లలోనూ ఉండరు.