కాచిన ఇటుక

మా తోడికోడలు నాకన్నా ఆరేళ్లు చిన్నది. నెలకు మూడు రోజులు వాకిట్లో విడిగా కూర్చున్నప్పుడు, కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయేది. ఆ రోజుల్లో పొయ్యి ముట్టకూడదు కాబట్టి, పక్కనున్న ఇటుకను చూపించి గడప అవతలి నుంచి నన్నే పిలిచేది.

"అక్కా, రవ్వంత కాచి ఇస్తావా?"

ప్రతి నెలా అదే మాట.

"మాకు రాదా నెల? ఈ కరువులో నీ ఇటుకకు కట్టెలు యాడ తెచ్చేది?" అనేదాన్ని. పని తప్పించుకునే నాటకమని ఇంట్లో అందరికీ చెప్పింది కూడా నేనే. ఆమె ఇటుకను ఎండలో పెట్టి, కాలాక గుడ్డ చుట్టి కడుపుకు అదుముకునేది. మా ఊరి ఎండకున్న దయ నాకు లేకపోయింది.

ఒకరోజు స్పృహ తప్పి పడిపోతే, అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాము. గర్భసంచి తీసేశారు. దాని లోపల ఉండాల్సిన పొర బయటికి పాకి పేగులకు అంటుకుపోయిందని డాక్టరమ్మ చెప్పింది.

"ఇంత నొప్పి ఇన్నేళ్లు ఎట్లా ఓర్చుకున్నావమ్మా?" అని ఆమెను అడిగింది.

"మా యక్క నెలనెలా ఇటుక కాచి ఇస్తాండె," అంది తోడికోడలు నీరసంగా.

డాక్టరమ్మ మెచ్చుకోలుగా నా భుజం తట్టింది.

ఇంటికి తెచ్చిన రోజు, ఎవరూ అడక్కుండానే ఆ ఇటుక కాచి, గుడ్డ చుట్టి ఆమె మంచం దగ్గరికి తీసుకుపోయాను. దాన్ని చూసి నవ్వబోయింది. కుట్లు లాగితే ఆగిపోయింది.

"ఇంగ ఆ నొప్పి ల్యాదు గదక్కా. కట్టెలు ఊరికే కాలిపాయె."