డబ్బాలో మిగిలిన ఇసుక

గొట్టాల మేస్త్రీకి ఎడమ చెవి వినపడదు. ముప్పయ్యేళ్లపాటు ఆ పక్కనే ఇంజన్లు అరిచి అరిచి దాన్ని చంపేశాయి. అందుకే ఆయన ఇంట్లో మంచినీళ్లు అడిగినా పక్కవీధికి తెలిసిపోతుంది. షెడ్డుకు ఏ బండి వచ్చినా మాత్రం కుడి చెవి అటు తిప్పి, కళ్లు మూసుకుని కాసేపు వింటాడు. ఆ తర్వాత ఆయన చెప్పే మాట ఎప్పుడో గాని తప్పదు.

పని నేర్పింది పిల్లనిచ్చిన మామ. ఆయన పోయాక షెడ్డు మేస్త్రీకీ, బావమరిదికీ మిగిలింది. పని మేస్త్రీది, మాటలు బావమరిదివి. సరుకు తెచ్చేదీ అతనే. మామగారి గుర్తుగా ఒక రేకు డబ్బా కూడా మిగిలింది. గొట్టం వంచేటప్పుడు వంపు దగ్గర నొక్కుకుపోకుండా లోపల పొడి ఇసుక కూరి, చివరలకు చెక్క బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచుతారు. ఆ ఇసుక పోసే డబ్బా అది.

ఆ నెల మేస్త్రీ కంటికి కునుకు లేకుండా చేసింది పళ్ల డాక్టరుగారి పాత కారు. డాక్టరుగారి తండ్రి నడిపిన ఆరు సిలిండర్ల బండి. ఇరవయ్యేళ్లు గుడ్డ కప్పుకుని పడుకున్నదాన్ని లేపి, ఇంజను విప్పించి, కొత్త బలం పోయించారు. నెలాఖరు ఆదివారం కొండ రోడ్డు మీద పాత కార్ల పందెం. పొగ బయటికి పోవడానికి ఉన్న పాత పోత ఇనుప దిమ్మ తీసేసి, సిలిండరుకొకటి చొప్పున ఆరు గొట్టాలు వేయాలి. ఎంత లావువి? అక్కడే వచ్చింది తంటా.

"రెండంగుళాలు" అన్నారు డాక్టరుగారు. పోటీకి దిగే ఇంకెవరి కారుకో అవి చూసి వచ్చారు.

"పిండి కొద్దీ రొట్టె డాక్టరుగారూ. గొట్టం మరీ వెడల్పయితే లోపల పొగ సోమరిపోతవుతుంది. తోటకు నీళ్లు పట్టేటప్పుడు గొట్టం మూతిని వేలితో నొక్కితేనే కదండీ నీళ్లు దూరం పడేది? మీ ఇంజనుకి అంగుళం ముప్పావు చాలు" అన్నాడు మేస్త్రీ.

"దేవుడు రెండంగుళాలు అడిగాడు బావా, పూజారి తగ్గిస్తే ఎలా?" అన్నాడు బావమరిది.

రెండంగుళాలే వేశారు. కారు సింహంలా గర్జించింది, నత్తలా కదిలింది. పరీక్షకని కొండెక్కించబోతే, మొదట్లోనే ఒక సైకిలువాడు వెనక్కి తిరిగి చూసి మరీ దాటిపోయాడట. డాక్టరుగారు మొహం వేలాడేసుకుని వచ్చి, "సరే మేస్త్రీ, మీ సైజే వేయండి" అన్నారు.

ముప్పయ్యేళ్లలో సైజు తేల్చే మాట మేస్త్రీ నోటికి రావడం అదే మొదలు. ఎవరో ఒకరు చెప్పడం, ఆయన వంచడం, అంతే. ఈసారి కొలతపట్టీ పెట్టి ప్రతి గొట్టం తనే కొలిచాడు. ఆరూ బిగించాడు. నాలుగో రోజు కారు మళ్లీ షెడ్డు ముందు ఆగింది.

"మొదట్లో బ్రహ్మాండంగా లాగుతోంది. వేగం అందుకునేసరికి ఎవరో ముక్కు మూసినట్టు ఆగిపోతోంది. మీ సైజు చిన్నదైంది మేస్త్రీ. మళ్లీ రెండంగుళాలే వేసేయండి."

మేస్త్రీ కుడి చెవి పెట్టి విన్నాడు. నిజమే. బండికి ఊపిరాడటం లేదు. ఆ సైజుకు అలా జరగకూడదు. జరిగింది.

ఇంటికి వెళ్లి కంచం ముందు కూర్చున్నాడేగాని చెయ్యి కదల్లేదు.

"ఆ కంచం ఏం చేసిందని దాని వంక అలా చూస్తారు?" అంది భార్య.

"అంగుళం ముప్పావు చాలదంటాడే డాక్టరు!"

"అరవకండి, నాకు రెండు చెవులూ వినపడతాయి. గొట్టాలు వేసింది నేనా?"

"నీ తమ్ముడు నవ్వుతున్నాడు."

"వాడు పుట్టినప్పటి నుంచీ నవ్వుతూనే ఉన్నాడు."

పొద్దున్నే షెడ్డుకు వెళ్లాడు. మళ్లీ రెండంగుళాల గొట్టం వంచాలంటే చేతులు రాలేదు. ఒళ్లు మండి ఎదురుగా ఉన్న ఇసుక కుప్పను తన్నాడు. తన్నిన కాలు అలాగే ఆగిపోయింది. ఆ కుప్ప ఎక్కడిది?

అంగుళం ముప్పావు గొట్టం ముక్కకు సరిగ్గా ఒక డబ్బా ఇసుక పడుతుంది. మామగారి నాటి లెక్క. మొన్న ఆరు ముక్కలకూ డబ్బా అడుగున రెండేసి పిడికిళ్ల ఇసుక మిగిలిపోయింది. తడి ఇసుక తెచ్చావు, దిగి చావడం లేదంటూ బావమరిదిని తిట్టి, మిగిలిందంతా ఇక్కడే విసిరికొట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!

మొన్న కోయగా మూల మిగిలిన గొట్టం తుండు తీసి దాని మూతిలోకి చూశాడు. అంచు మామూలుకి రెట్టింపు మందం.

"ఇదెక్కడి గొట్టంరా?"

"బాయిలరుది బావా. మందంగా ఉంటే పదికాలాలు మన్నుతుందని తెచ్చా. కొలిచింది నువ్వేగా? అంగుళం ముప్పావే అన్నావు."

అన్నాడు. బయట కొలిచి అన్నాడు. వచ్చే గొట్టమంతా ఒకే మందం కావడంతో ముప్పయ్యేళ్లుగా లోపల కొలిచే అవసరమే రాలేదు.

"పొగ పోయేది గొట్టం బయట నుంచట్రా?" అన్నాడు. ఎవరిని అన్నాడో ఆయనకే తెలియదు.

డాక్టరుగారు వచ్చాక మాటలు బావమరిదికి వదల్లేదు. మామూలు గొట్టం ముక్క నిండా ఇసుక పోశాడు. దాన్ని పైకి అంతే లావు, అంతే పొడవున్న బాయిలరు ముక్కలోకి ఒంపాడు. అది నిండిపోయి, ఇసుక పొర్లి డాక్టరుగారి బూట్ల మీద పడింది.

"సైజు తప్పు కాదండీ. గొట్టం తప్పు. కొలిచిన నాదీ తప్పే. ఇంకొక్కసారి అంగుళం ముప్పావే వేయనివ్వండి."

డాక్టరుగారు బూట్లు దులుపుకున్నారు. "పైకి పన్ను బాగానే ఉంది, లోపల తేడా అన్నమాట. సరే. ఇదీ పోతే నేను పందెం మానుకుంటా, మీరు సైజులు చెప్పడం మానుకోండి."

మూడు రోజులు మేస్త్రీకి అదే పని. పల్చటి గొట్టం తనే వెళ్లి తెచ్చుకున్నాడు. లోపలా బయటా కొలిచాడు. ఆరు ముక్కలకూ ఆరు డబ్బాలు, పిడికెడు కూడా మిగల్లేదు. శనివారం మధ్యాహ్నానికి బిగించి ఇచ్చాడు.

ఆదివారం కొండపైన చివరి మలుపు దగ్గర బావా, బావమరిదీ నిలబడ్డారు. కింద నుంచి ఆరు గొట్టాల మోత ఒకే గొంతుగా పైకి వచ్చింది, ఎక్కడా తెగలేదు. కారు దుమ్ము లేపుకుంటూ వాళ్లను దాటిపోయింది. బావమరిది ఈల వేశాడు. మేస్త్రీ కళ్లు తెరవలేదు.

పందెంలో రెండో స్థానం. డాక్టరుగారు చిన్నపిల్లాడిలా పరుగెత్తుకొచ్చారు.

"చూశారా మేస్త్రీ! నిన్న సాయంత్రం కార్బ్యురేటరు స్క్రూ కాస్త తిప్పా. కిటుకంతా అక్కడే ఉందండీ, మనం అనవసరంగా గొట్టాల మీద పడ్డాం!"

బావమరిది నవ్వు ఆగిపోయింది. "అదేంటి డాక్టరుగారూ, మా బావ..." అంటూ ముందుకు వచ్చాడు. మేస్త్రీ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. డాక్టరుగారు కార్బ్యురేటరు గురించి ఇంకా చెబుతూనే ఉన్నారు. మేస్త్రీ మెల్లగా తల తిప్పి, ఎడమ చెవి డాక్టరుగారికి ఇచ్చి, కుడి చెవి ఇంకా తిరుగుతున్న ఇంజను వైపు పెట్టాడు.