నోరు మూసుకుని చదవడం

నల్లపాడులో నేను దిగిన ఇంటికి రెండే గదులు. ముందు గదిలో వదిన కుట్టుమిషను, లోపలి గదిలో వాళ్ల అత్తగారి మంచం. ఆ మంచం పక్కన చాప పరుచుకుని ఇంటర్ చదివే వదిన కూతురు, నేను పడుకునేవాళ్లం. వదిన అంటే చుట్టరికం ఏమీ లేదు. ఒక ఏడాది మిర్చి గోడౌన్‌లో ఇద్దరం పక్కపక్కన కూర్చుని కాయలకు తొడిమలు తీశాం, అంతే. వాళ్లు ముస్లింలు. మేము చర్చికి వెళ్లేవాళ్లం. పదో తరగతికి ప్రైవేటుగా కట్టానని ఫోనులో చెబితే, "మా ఇంటికి రా. పరీక్ష సెంటరు మా వీధి చివరే" అంది. కొత్తపట్నం దగ్గరి మా ఊరు వదిలి రెండు నెలలకని వచ్చేశాను.

అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. అక్షరాలు నేర్చుకుని అయిదేళ్లు. నడుము పాడైపోయి చేలో వంగలేకపోతున్నాను. మా దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో, బస్సులో కూర్చుని పిల్లలను చూసుకునే ఆయా పని ఉంది. పదో తరగతి పాసైన కాగితం తెస్తే జూన్ నుంచి పెట్టుకుంటామన్నారు. కూర్చుని చేయగలిగిన పని నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

వచ్చిన వారానికి రంజాన్ మొదలైంది. పగలంతా నీళ్లు కూడా ముట్టని వాళ్ల ఎదుట అన్నం ఎలా తినను? పళ్లెం తీసుకుని మేడమెట్ల కింద కూర్చుని నాలుగు ముద్దలు మింగేదాన్ని. ఒకరోజు వదిన చూసేసింది.

"ఏందే, పిల్లిలాగా అక్కడ నక్కి తింటున్నావు? మేం దేవుడి కోసం ఉంటున్నాం. నువ్వు ఎవరి కోసం కడుపు మాడ్చుకుంటున్నావు? పరీక్షలో కళ్లు తిరిగి పడితే ఆ పాపం మాకా? లే, వచ్చి ఫ్యాను కింద కూర్చో."

ఆ తర్వాత ఫ్యాను కిందే తిన్నాను. తిండి దగ్గర సర్దుకున్నాను గానీ నా నోటితోనే సర్దుకోలేకపోయాను.

నేను అక్షరాలు నేర్చింది మా చర్చి వరండాలో, సాయంత్రం బడిలో. ఇరవై మంది ఆడవాళ్లం ఒక్క గొంతుతో పలికేవాళ్లం. అందుకని నా గొంతు నా చెవిన పడితేనే నాకు చదివినట్టు. నోరు మూస్తే అక్షరాలు కనిపిస్తాయి, మాట కట్టదు. వదిన కూతురు పుస్తకం ముందు కూర్చుంటే కళ్లు ఒక్కటే కదిలేవి. ఆ పిల్ల పక్కన నేను గట్టిగా చదువుతుంటే నాకే సిగ్గేసి మేడ మీదికి పోయేదాన్ని.

పరీక్షకు తొమ్మిది రోజుల ముందు సెంటరులో ఊరికే ఒక పరీక్ష పెట్టారు. పేపరు ఇచ్చిన కాసేపటికి సారు నా బల్ల దగ్గర నిలబడ్డారు.

"ఎవరికి చెప్తున్నారమ్మా?"

"నాకే సార్. నాకే చెప్పుకుంటున్నా."

వెనక బల్లలో ఆటో నడిపే ఆయన లేచాడు. "చెప్పేవన్నీ తప్పులే సార్. నేనూ అవే రాశాను."

గదంతా నవ్వింది. సారు మాత్రం నవ్వలేదు. "అసలు పరీక్షలో ఇలా చేస్తే పేపరు లాక్కుని పంపించేస్తారు. జాగ్రత్త" అన్నారు.

ఆ రోజు నుంచి నా నోరే నాకు శత్రువైంది. వదిన కూతురు ఒక ఉపాయం చెప్పింది. "అత్తా, నోట్లో నీళ్లు పోసుకుని చదువు. పెదాలు ఎలా కదులుతాయో చూద్దాం." పోసుకున్నాను. రెండో వరుస దగ్గర నా నాలుక దానంతటదే లేచింది. పొలమారి సాంఘికశాస్త్రం పుస్తకమంతా తడిసిపోయింది. ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వుతూ పుస్తకాన్ని తీగ మీద ఆరేసింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

వాళ్ల అత్తగారు మంచం మీద ఖురాన్ చదువుతుంటే పెదాలు ఆడేవి గానీ చప్పుడు వచ్చేది కాదు. నాకు అదైనా చాలు. "పెద్దమ్మా, అలా చదవడం ఎన్నాళ్లకు వచ్చింది?" అని అడిగాను.

"ఏమోనే అమ్మాయ్. మా నాయన ఒళ్లో కూర్చుని మొదలుపెట్టా. ఎప్పుడొచ్చిందో ఎవరు చూశారు?"

నాకు ఆరు రోజులున్నాయి.

తెలుగు పరీక్ష గట్టెక్కాను. ఆ పాఠాలన్నీ నోటికి వచ్చు. రెండోది సాంఘికశాస్త్రం. ప్రశ్నలు పొడుగ్గా ఉన్నాయి. పెదాలు బిగబట్టినా గొంతులోంచి గొణుగుడు వచ్చేసింది. కాపలా ఉన్న మేడమ్ వచ్చి, "ఇంకోసారి వినపడితే లేచి వెళ్లిపోవాలమ్మా" అంది. చీరకొంగు ఉండ చేసి నోట్లో కుక్కుకున్నాను. గొణుగుడు ఆగింది. దానితో పాటే చదవడమూ ఆగిపోయింది. అదే ప్రశ్న ఎన్నిసార్లు చూసినా గీతలు, సున్నాలు తప్ప ఏమీ లేదు. చెమటకు పేపరు వేళ్లకు అంటుకుపోతోంది.

ఏం చేయాలో తోచక ఆ ప్రశ్ననే చూసి జవాబు కాగితం మీద దింపడం మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం దిద్దుతుంటే మాట లోపల పలికింది! రాసింది రాసినట్టు అర్థమైంది. ఆ సంతోషంలోనే తప్పు చేశాను. ముందు ప్రశ్నలన్నీ ఎత్తి రాసుకుందాం, తెలిసినవాటికి తర్వాత జవాబులు రాద్దాం అనుకున్నాను. నా చేతిరాత ఎంత నిదానమో ఆ గాభరాలో గుర్తులేదు. చివరి ప్రశ్న దింపి తల ఎత్తేసరికి అరగంట మిగిలింది. మూడో జవాబు రాస్తుండగా కాగితం లాగేసుకున్నారు.

గేటు బయట ఎండలో, ఉపవాసంతోనే, వదిన కూతురు నిలబడి ఉంది.

"అత్తా, ఎన్ని రాశావు?"

"అన్నీ రాశాను."

"అన్నీనా!" ఆ పిల్ల నా రెండు చేతులూ పట్టుకుంది.

"ప్రశ్నలన్నీ రాశానే. జవాబులు మూడు."

నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయింది.

మిగతా పరీక్షల్లో ఒక్కో ప్రశ్న దింపుకుని, వెంటనే దాని జవాబు రాశాను. ఫలితాల్లో ఆ ఒక్క సబ్జెక్టే పోయింది. స్కూలు వాళ్లు జూన్‌లో ఇంకొకామెను పెట్టుకున్నారు. వానలు పడ్డాక ఒక రైతు చేలో పత్తి గింజలు పెట్టడానికి వెళ్లాను. వంగలేను కాబట్టి, సాలు పొడవునా బురదలో కూర్చుని జరుగుతూ పెట్టాను.