ఐదు నిమిషాలన్న కంప్యూటర్

తెలంగాణ ఉద్యమం రోజులు. రేగొండలో మాది ఫోటో స్టూడియో. బొగ్గు గనిలో పనిచేసే సమ్మయ్యన్న కూతురి పెళ్లి వీడియో మా కంప్యూటర్‌లో సీడీకి తయారవుతోంది. అది తీసుకుని ఆయన అల్లుడు ఆ సాయంత్రమే దుబాయ్ పోవాలి. తెలంగాణ కోసం అందరూ చేస్తున్న సమ్మె వల్ల బస్సుల్లేవు. మాట్లాడుకున్న జీపు బయట హారన్ కొడుతోంది.

"ఇంకెంతసేపు తమ్మీ?" అన్నాడు నా ఎదురుగా నిలబడ్డ సమ్మయ్యన్న.

తెర మీద ఉన్నదే చదివాను. "ఐదు నిమిషాలన్నా."

కాసేపటికి అది ఇరవై చూపించింది. మళ్లీ ఐదుకొచ్చింది. నేను చదువుతూనే ఉన్నాను, ఆయన బయటికెళ్లి అల్లుణ్ని ఆపుతూనే ఉన్నాడు. ఇంతలో కరెంటు పోయింది. పనంతా మళ్లీ మొదటికే!

"బొగ్గు తవ్వేటోళ్లు పనికి పోక, కరెంటు లేకుంట జేసి మా పానం తీస్తున్నరు" అనేశాను. ఎదురుగా ఉన్నదెవరో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

సీడీ లేకుండానే అల్లుడి జీపు వెళ్లిపోయింది. సమ్మయ్యన్న స్టూలు మీద కూలబడ్డాడు.

"సమ్మె చేసేది నేనే తమ్మీ. కరెంటు పోతే పోనీ. కానీ ఐదు నిమిషాలని మాత్రం చెప్పకు. మాకు గిట్ల చెప్పెటోళ్లు ఢిల్లీల శానమంది ఉన్నరు."

ఇప్పటికీ వీడియో తయారవుతుంటే ఆ అంకె మీద కాగితం అంటిస్తాను. ఎవరైనా ఎంతసేపని అడిగితే, అయ్యాక ఫోన్ చేస్తానంటాను.