సవరణను కప్పేసిన పట్టీ

మొన్న నరసరావుపేట బస్సులో ఎవరో ఎండుమిర్చి సంచి సీటు కింద పెట్టారు. బస్సు కదిలేసరికి అందరం దగ్గడం మొదలుపెట్టాం. నాకు మస్తాన్ గారి ఆఫీసు మెట్లు గుర్తొచ్చాయి. గుంటూరులో ఒక మిర్చి కొట్టు పైన ఒకే గది. అక్కడికి వచ్చినవాళ్లు ముందు దగ్గేవాళ్లు, తర్వాత మాట్లాడేవాళ్లు. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

ఆ గదిలోంచి ఆయన రైతుల కోసం ఒక వెబ్‌సైటు నడిపేవారు. వాన కబురు, పురుగుమందుల సంగతులు, మిర్చి అమ్ముకునే యార్డు ఏ రోజు ఉంటుంది, ఏ రోజు సెలవు, ఇవే అందులో ఉండేవి. చదువైపోయిన కొత్తలో మూడేళ్లు ఆయన దగ్గర పనిచేశాను. పేజీలో అన్నిటికన్నా పైన, పెద్ద వార్తకన్నా పైన, సవరణ ఉండాలన్నది ఆయన పద్ధతి. తప్పు రాసిన వాక్యాన్ని మాత్రం చెరపనిచ్చేవారు కాదు. "దిద్దేసి ఊరుకుంటే పోదా సార్?" అని ఒకసారి అడిగాను.

"పొద్దున చదివినోడు సాయంత్రం మళ్లీ చూసి, నేనే తప్పు చదివాననుకుంటాడు రూతమ్మా. మన తప్పు వాడి మీద రుద్దుతావా?"

"అయితే కింద వేద్దాం. పైన ఉంటే పరువు తక్కువగా ఉంది."

"కాళ్ల దగ్గర పెడితే ఎవరు వంగి చూస్తారమ్మా? నెత్తి మీద పెట్టు."

తర్వాత నేను ఊళ్లోనే ఒక సోషల్ సైటులో ఉద్యోగానికి చేరాను. జనం తమకు నచ్చిన వార్తల లింకులు అక్కడ పెట్టేవారు. లింకు నొక్కితే అవతలివాళ్ల పేజీ మా సైటు చట్రంలోనే తెరుచుకునేది. పైన మా పేరుతో ఎర్ర పట్టీ, కింద మా వ్యాఖ్యల పెట్టె. అడ్రసు కూడా మాదే కనిపించేది. ఆ పట్టీ తయారుచేసింది నేను. గర్వంగా తీసుకెళ్లి మస్తాన్ గారికి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని చూశారు.

"బానే ఉంది. పెళ్లి మా ఇంట్లో, పందిరికి మీ పేరా?"

"మీది కాపీ కొట్టలేదు కదా సార్. పేజీ మీదే. చదివేవాళ్లు పెరుగుతారు."

"చదువుతారు లేమ్మా. ఎవరిది చదివారో వాళ్లకు తెలియాలిగా" అని నవ్వి, టీ చెప్పారు. పాతకాలం మనిషి చాదస్తం అనుకున్నాను. ఆ రోజు ఆయన పేజీ పైన సవరణ ఏదీ లేదు. ఉంటే పట్టీ దాన్ని కప్పేస్తోందని అప్పుడే ఇద్దరికీ తెలిసేది.

ఆ మిర్చి సీజనులో, సోమవారం యార్డు ఉంటుందని ఆయన రాశారు. నిజానికి సరుకు పేరుకుపోయి సెలవు ఇచ్చారు. గంటలోపే ఆయన పైన సవరణ పెట్టారు. కింద తప్పు వాక్యం, పద్ధతి ప్రకారం, అలాగే ఉంది. మా సైటులోంచి చూసినవాళ్లకు ఆ వాక్యం ఒక్కటే కనిపించింది. నా ఎర్ర పట్టీ సరిగ్గా సవరణ మీద కూర్చుంది.

కనిగిరి వైపు నుంచి కోటమ్మ అనే కౌలురైతు అది చూసి బస్తాలు వేసుకుని వచ్చింది. యార్డు గేటు మూసి ఉంది. రోడ్డు పక్కన ఆగితే జల్లు పడి సరుకు తడిసింది. తిట్టడానికి మనిషి కోసం వెతికితే పేజీ అడుగున ఆయన పేరు, చిరునామా దొరికాయి. ఆవిడ మెట్లెక్కి వచ్చేసరికి, ఆయన్ను చూడ్డానికి వెళ్లిన నేను ఆ గదిలోనే ఉన్నాను.

"ఏందయ్యా, యార్డు ఉందని రాస్తివే! కాయలు తడిసినాయి. నా ఏడాది కష్టం ఎవురిస్తారు?" అని ఫోను ఆయన ముందు పెట్టింది. ఆయన తెరను వేలితో పైకీ కిందికీ జరిపారు. పట్టీ కదల్లేదు. ఆయన నా వైపు చూడలేదు. "రాసింది నేనేనమ్మా, తప్పు నాదే. సరుకెక్కడుంది, పద" అని చెప్పులేసుకున్నారు.

రోడ్డు వారన పట్టా పరిచి, బస్తాలు విప్పి, ముగ్గురం తడికాయలు వేరు చేస్తూ కూర్చున్నాం. చేతులు మండుతున్నాయి. రెండో బస్తా కాయలు వేరు చేస్తూ చెప్పాను. "సార్, మీ సవరణను కప్పేసింది నా పట్టీ."

"నాకు తెలుసు. ఆమెకు చెప్పు."

తడబడుతూ చెప్పాను. కోటమ్మ చేతులు ఆపకుండా వింది. "అంటే ఆయన చెబుతుంటే నువ్వు అడ్డం నిలబడ్డావన్నమాట" అంది. "సరే, ఆ మచ్చకాయ ఇటు పడెయ్."

మర్నాడు ఆయన పేజీ పైన ఆయన తప్పు ఒక్కటే ఉంది. మా సైటు ఊసు లేదు. ఎందుకు రాయలేదని అడిగాను. "నా పేజీలో నా తప్పులే ఉంటాయి. మీది మీరు రాసుకోండి" అన్నారు.

మా యజమాని రాయనివ్వలేదు. "పేజీ వాళ్లది, తప్పు వాళ్లది, మనకేంటి?" అన్నాడు. పైన పేరు వేసుకునేటప్పుడు మనదైన పేజీ, తప్పు దగ్గరికి వచ్చేసరికి వాళ్లది ఎలా అయిందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పట్టీని కాస్త సన్నం చేసి ఊరుకున్నాను. ఆరు నెలలకు అక్కడ మానేశాను. "మస్తాన్ సైటును నమ్ముకుంటే మిర్చి తడుస్తుంది" అన్న వేళాకోళం మాత్రం బజార్లో నిలిచిపోయింది. ఆయన విని నవ్వేవారు. ఒక్కసారి కూడా నా పేరు ఎత్తలేదు.

ఇప్పుడూ నాది పేజీలు కట్టే పనే. ఎవరి లింకు నొక్కినా తిన్నగా వాళ్ల దగ్గరికే పంపుతాను. అది చాలదని నాకు తెలుసు. ఆయన సంతాప సభలో కూడా ఒకాయన ప్రేమగానే ఆ వేళాకోళం గుర్తుచేశాడు. అందరూ నవ్వారు. నేను వెనక వరుసలో తల వంచుకుని కూర్చున్నాను.

ఆయన సైటు ఇప్పుడు లేదు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ సోమవారం యార్డుకు సెలవని మస్తాన్ గారు గంటలోపే చెప్పారు. కనపడనివ్వనిది నేను.