జట్కా సాయిబు రేకుడబ్బా

మా ఊరికి రెండు మైళ్ల దూరంలో ఉన్న స్టేషన్ దగ్గర ఒక సాయిబు జట్కా తోలేవాడు. బండి కింద ఎప్పుడూ ఒక రేకుడబ్బా వేలాడుతుండేది. గుర్రం లద్దె వేస్తే, ఎంత తొందరలో ఉన్నా బండి ఆపి, దిగి, డబ్బాలోకి ఎత్తేవాడు. నేను విసుక్కుంటే, "రోడ్డు అందరిదండీ" అనేవాడు.

ఒకసారి గుంటూరు కాలేజీ నుంచి సెలవులకు అతని జట్కాలోనే వస్తున్నాను. మా నాన్న సగం రోడ్డు దాకా మిరపకాయలు ఆరబోసి కాపలా ఉన్నాడు. సరిగ్గా అక్కడే గుర్రం లద్దె వేసింది. సాయిబు డబ్బా తీసేలోపే నాన్న అరిచాడు.

"ఒరేయ్ సాయిబూ, కాయల పక్కనేంట్రా? ఎత్తు!"

ఎత్తాడు. ఆ పక్కనే మా ఎద్దులు వేసిన పేడ ఉంది. నాన్న చేతికర్రతో చూపించి, "అదీ ఎత్తు" అన్నాడు.

పేడకీ లద్దెకీ తేడా తెలియని రైతు ఎవడుంటాడు? సాయిబు నా వైపు చూశాడు. నేను మిరపకాయల వైపు చూశాను. అతను వంగి అదీ ఎత్తాడు. ఈసారి "రోడ్డు అందరిదండీ" అనలేదు.

తర్వాతి సెలవులకు స్టేషన్లో దిగగానే, "రండి బాబుగారూ" అని ఎప్పటిలాగే పిలిచాడు. విననట్టు, పెట్టె మోసుకుంటూ రెండు మైళ్లూ నడిచాను.